విరిగిన ఇంజిన్ స్టడ్ తీయడం, కొత్తది బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టడ్ ఇప్పుడే విరిగింది. మొట్టమొదట ఏం చేయాలి?

పానా కింద పెట్టండి. స్టడ్ (రెండు కొసలా థ్రెడ్ ఉన్న, తల లేని బోల్టు) విరగడం వల్ల జరిగే నష్టం చిన్నది. ఆ కంగారులో వెంటనే డ్రిల్లు పట్టుకుంటే జరిగేది పెద్దది.

ముందు విరిగిన ముఖాన్ని టార్చి వేసి చూడండి. సగం నల్లగా, తుప్పు పట్టి, మిగతా సగం మెరుస్తూ ఉంటే ఆ పగులు చాలాకాలం కిందటే మొదలైందన్నమాట. ఇలాంటి ముక్క లోపల అంత గట్టిగా పట్టుకుని ఉండకపోవచ్చు, సులువుగా వచ్చేసే అవకాశం ఉంది. అలా కాకుండా ముఖమంతా మెలితిరిగినట్టు మెరుస్తుంటే, మీరు తిప్పిన బలానికే తెగింది. అంటే లోపల థ్రెడ్ బిగుసుకుపోయి ఉంది, వేడి లేకుండా రాదనే అనుకోండి.

తర్వాత ఊడివచ్చిన ముక్క పొడవు కొలవండి. పక్కన బాగున్న స్టడ్ ఉంటే దాంతో పోల్చి, లోపల ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో రాసి పెట్టుకోండి. డ్రిల్లు ఎంత లోతుకు ఆపాలో చెప్పేది ఆ అంకె ఒక్కటే. చివరగా ముక్క దిగి ఉన్న లోహానికి (స్టడ్‌కు కాదు) ఒక అయస్కాంతం ఆనించి చూడండి: అంటుకుంటే బీడు, అంటుకోకపోతే అల్యూమినియం. ఇక్కడి నుంచి చేసే ప్రతి పనీ దాన్ని బట్టే మారుతుంది.

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ స్టడ్లే ఎందుకు ఎక్కువగా విరుగుతాయి? అందులోనూ చివరివే ఎందుకు?

హెడ్‌ను (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) నీళ్లు చల్లబరుస్తుంటాయి, మ్యానిఫోల్డ్‌ను (హెడ్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) చల్లబరిచేది లేదు. అర మీటరు పొడవున్న బీడు మ్యానిఫోల్డ్ 400 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అదే సమయంలో బీడు హెడ్ సాగేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ తేడా నడుమ ఉన్న స్టడ్లకు పెద్దగా తెలియదు, చివర్లకు వెళ్లేకొద్దీ పోగవుతుంది. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ చివరి స్టడ్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగుతాయి. కొన్నేళ్లకు అలిసిపోయి విరుగుతాయి.

తుప్పు సంగతి వేరు. తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. థ్రెడ్ సందుల్లో ఆ చోటు ఉండదు కాబట్టి స్టడ్‌ను లోపలే ఒత్తి పట్టేస్తుంది. అల్యూమినియంలో ఉక్కు స్టడ్ అయితే తేమ చేరినచోట అల్యూమినియమే తినుకుపోయి తెల్లని పొడిగా మారి బిగుసుకుంటుంది.

స్టడ్ ఇంకా విరగలేదు, నట్టు మాత్రం కదలడం లేదు. విరగకుండా తీసే దారి ఉందా?

ఉంది. ఈ పేజీలో అన్నిటికంటే లాభసాటి సమాధానం ఇదే. బయటికున్న థ్రెడ్‌ను వైరు బ్రష్‌తో శుభ్రం చేయండి, లేదంటే నట్టు వదులైనా ఆ మట్టిలోనే మళ్లీ ఇరుక్కుంటుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ ముందురోజు సాయంత్రం నుంచి మూడు నాలుగు సార్లు పట్టించండి. తీసేటప్పుడు పన్నెండు మూలల సాకెట్ వద్దు, ఆరు మూలలదే వాడండి.

ముందు బిగించే వైపు కొద్దిగా కదపండి, ఆ తర్వాతే విప్పే వైపు. కాస్త కదిలితే అదే పనిగా తిప్పేయకుండా అటూ ఇటూ ఆడిస్తూ, మధ్యమధ్య ఆయిల్ వేస్తూ రండి. తిప్పుతుంటే నట్టు కదలకుండా పానా మాత్రం స్ప్రింగులా సాగుతూ, వదిలితే వెనక్కి వస్తోందంటే మెలిపడుతున్నది స్టడ్. అక్కడే ఆపండి. నట్టును మాత్రం గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చి మళ్లీ ప్రయత్నించండి. నిప్పు పెట్టేముందు ఆయిల్ పూర్తిగా తుడిచేయాలి, పెట్రోలు పైపులు, కార్బొరేటర్ పక్కన ఉంటే తీసేయాలి. అప్పటికీ రాకపోతే నట్ స్ప్లిటర్‌తోనో ఉలితోనో నట్టునే చీల్చేయండి. నట్టు పోతే పోయింది.

నట్టుతోపాటు స్టడ్ మొత్తం ఊడి వస్తే బాధపడాల్సిన పని లేదు, మంచిదే.

అసిటోన్, గేర్ ఆయిల్ కలిపి వాడితే బజారు స్ప్రేల కంటే బాగా పనిచేస్తుందంటారు, నిజమేనా?

వాడేది గేర్ ఆయిల్ కాదు, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. రెండూ సమపాళ్లలో కలుపుతారు. పనిచేస్తుంది. కానీ ఆ రెండూ కలిసి ఉండవు, నిమిషాల్లో విడిపోతాయి కాబట్టి వాడే ప్రతిసారీ కుదపాలి. అసిటోన్ పెయింటును, కొన్ని ప్లాస్టిక్కులను తినేస్తుంది, ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. గ్యాస్ టార్చి వాడే రోజున దాన్ని దగ్గర పెట్టుకోకండి.

ఏ ఆయిలైనా నట్టుకు పనిచేసినంతగా హెడ్‌లో దిగిన ముక్కకు పనిచేయదు. అడుగు మూసుకున్న రంధ్రంలో, పైన తుప్పు మూత పడ్డ థ్రెడ్‌లోకి అది దిగే దారే ఉండదు. అక్కడ కొవ్వొత్తి మైనం మెరుగు. స్టడ్ చుట్టూ లోహాన్ని వేడి చేసి మైనాన్ని అంచున ఆనిస్తే కరిగి థ్రెడ్ సందుల్లోకి పాకుతుంది.

ముక్క బయటికి కొంత కనిపిస్తోంది. దేంతో పట్టుకోవాలి?

పది మిల్లీమీటర్లు దాటి ఉండి, థ్రెడ్ బాగుంటే రెండు నట్లు ఎక్కించి ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టును విప్పే వైపు తిప్పండి. స్టడ్ ఎక్స్‌ట్రాక్టర్ ఉంటే ఇంకా మంచిది. చాలామంది మొదట వైజ్ గ్రిప్ (బిగించి లాక్ చేసే పట్టకారు) పట్టుకుంటారు. ఒకటి రెండు సార్లు జారిందంటే ఆ కాస్త ముక్కనూ గుండ్రంగా నున్నగా చేసేస్తుంది, ఆ తర్వాత ఏదీ పట్టదు. వాడితే వేడి చేశాకే వాడండి, ఒక్కసారి జారితే ఆపేయండి.

నట్టు వెల్డింగ్ చేసి తీయడం ఎలా?

మా లెక్కలో బిగుసుకుపోయిన స్టడ్‌కు ఇదే మొదటి మందు. వెల్డింగ్ వల్ల తిప్పడానికి పట్టు దొరకడం సగం లాభమే. అసలు లాభం వేడిది. స్టడ్ నడుమ నుంచి వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న చల్లని లోహం దాన్ని సాగనివ్వదు. చల్లారేటప్పుడు ముందున్న దానికంటే కాస్త సన్నబడుతుంది, తుప్పు పొర చిట్లుతుంది.

ముందుగా బ్యాటరీ రెండు తీగలూ, ఆల్టర్నేటర్ కనెక్షన్లూ తీసేయండి. ఎర్త్ క్లాంపు అదే హెడ్‌కు, పని చేసే చోటికి దగ్గరగా పెట్టండి. జింకు పూత ఉన్న నట్టు వద్దు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, వెల్డు కూడా బుడగలు బుడగలుగా వస్తుంది. పూత లేనిది దొరక్కపోతే గ్రైండ్ చేసి వాడండి.

ముక్క రెండు మూడు మిల్లీమీటర్లు బయటికుంటే నట్టును దానిపై కూర్చోబెట్టి, 0.8 మి.మీ. మిగ్ వెల్డింగ్ వైరుతో నట్టు రంధ్రం లోపల, స్టడ్ నడిబొడ్డు నుంచి మొదలుపెట్టి అంచులకు నింపుకుంటూ రండి. సమతలంగా విరిగి ఉంటే ముందు చిన్న రంధ్రమున్న వాషరును స్టడ్‌కు అతికించి, ఆ వాషరుపై నట్టు పెట్టి వెల్డ్ చేయండి. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉంటే ఒక్కో సెకను చొప్పున చుక్కలు చుక్కలుగా వేస్తూ స్టడ్‌నే పైకి పెంచుకోవాలి. అల్యూమినియానికి ఉక్కు వైరు వెల్డు అంటదు, బీడుకు కూడా సరిగా పట్టదు కాబట్టి కాస్త పక్కకు తగిలినా సాధారణంగా గీకితే పోతుంది.

ఇప్పుడు ఆగాలి. ఎరుపు పూర్తిగా పోయేదాకా, అంటే అర నిమిషం నుంచి నిమిషం వరకు, చేయి పెట్టకండి. ఎర్రగా ఉండగా తిప్పితే మెత్తటి ఉక్కు మళ్లీ తెగుతుంది. ఎరుపు పోయాక అంచున మైనం ఆనించి, చిన్న పానాతో అయిదు పది డిగ్రీలు బిగించే వైపు, అంతే మేర విప్పే వైపు ఆడించండి. కదలిక మొదలయ్యేటప్పుడు సన్నగా కీచుమంటుంది, థ్రెడ్ అంచు నుంచి ఎర్రటి పొడి బయటికి రాలుతుంది. ఆ పొడి కనిపించిందంటే పని అయినట్టే, కానీ తొందరపడి ఒక్క ఊపున తిప్పకండి. వెల్డు ఊడిపోతే ఇంకో నట్టు పెట్టండి. మూడు నాలుగు నట్లు పట్టడం మామూలే, ప్రతిసారీ పడిన వేడి వృథా కాదు.

అల్యూమినియం హెడ్‌ను ఎంత వేడి చేయొచ్చు?

150 డిగ్రీలు చాలు, 200 దాటనివ్వొద్దు. అల్యూమినియం ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు. చూస్తుండగా రంగు మారకుండానే కూలిపోతుంది, దానికంటే చాలా ముందే గట్టితనం పోయి మెత్తబడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద తప్పు చూపిస్తుంది, ఒక చుక్క నల్ల రంగు వేసి దాని మీద కొలవండి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది కాబట్టి హెడ్ వేడిగా ఉన్నప్పుడు తిప్పడమే లాభం.

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి ఎయిర్‌కూల్డ్ ఇంజిన్ల క్రాంక్‌కేసు మెగ్నీషియం మిశ్రమం. దాని మీద గ్యాస్ టార్చి, గ్రైండరు నిప్పురవ్వలు వద్దు. డ్రిల్లు రజను అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా రేగుతుంది. పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి.

ఈజీ అవుట్ (ముక్కలో రంధ్రం చేసి, అందులో దింపి వెనక్కి తిప్పే పనిముట్టు) వాడొచ్చా?

పేరే ఈజీ. స్టడ్ తిప్పే బలానికే విరిగిందంటే, దాని నడుమ చిన్న రంధ్రం చేసి అంతకంటే సన్నటి ముక్కతో తిప్పితే వస్తుందని ఎలా అనుకుంటాం? పైగా మెలికల ఈజీ అవుట్ దిగేకొద్దీ స్టడ్‌ను వెలుపలికి ఉబ్బించి ఇంకా బిగిస్తుంది. అది గాజులా పెళుసు, విరిగిందంటే మామూలు డ్రిల్ బిట్ దాని మీద గీత కూడా వేయదు.

వదులుగా ఉన్న ముక్కకు, అంటే పాత పగులుతో విరిగినదానికి, వాడుకోవచ్చు. అప్పుడు కూడా మెలికలది కాకుండా నిలువు గాళ్లున్నది ఎంచుకోండి. దానికంటే ముందు ఎడమ చేతి డ్రిల్ బిట్‌తో వెనక్కి తిప్పుతూ రంధ్రం చేసి చూడండి. చాలాసార్లు బిట్టు పట్టుకున్న క్షణంలో ముక్క దానంతటదే తిరిగి బయటికి వస్తుంది.

డ్రిల్ చేయక తప్పదు. సరిగ్గా మధ్యలో ఎలా చేయాలి?

అన్నీ ఇక్కడే తేలతాయి. ఎం8 (8 మి.మీ. వ్యాసం) స్టడ్‌లో థ్రెడ్ పోగా మిగిలే లోపలి వ్యాసం దాదాపు 6.5 మి.మీ. సరిగ్గా మధ్యలో 6.5 బిట్టు దిగితే స్టడ్ మొత్తం పొడిగా పోయి, థ్రెడ్ సందుల్లో సన్నటి తీగచుట్ట మాత్రం మిగులుతుంది. దాని కొసను సూదిలాంటి స్క్రైబరుతో లేపి ముక్కు పట్టకారుతో లాగితే చిన్న స్ప్రింగులా ఊడి వస్తుంది, హెడ్ థ్రెడ్‌కు గీటు పడదు. అదే ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే ఒకవైపు హెడ్ లోహం తెగుతుంది, మరోవైపు స్టడ్ మందంగా మిగిలిపోతుంది.

బిట్టు పక్కకు పోయేది ప్రధానంగా రెండు కారణాలతో. ఒకటి, విరిగిన ముఖం ఏటవాలుగా ఉండటం. రెండు, హెడ్ లోహం స్టడ్ కంటే మెత్తన, బిట్టు మెత్తని వైపే జారుతుంది. కాబట్టి ముందు కార్బైడ్ బర్‌తో (తిరుగుతూ లోహాన్ని అరగదీసే పనిముట్టు) ముఖాన్ని చదును చేయండి. మధ్య గుర్తు కంటితో అంచనా వేయకండి. మ్యానిఫోల్డ్‌నే తిరిగి మిగిలిన స్టడ్లపై ఎక్కించి, దాని రంధ్రంలో సరిపోయే బుష్ పెట్టి దాని గుండా డ్రిల్ చేయండి. లేత్ మీద బుష్ చేయించడం చిన్న పని: బయట మ్యానిఫోల్డ్ రంధ్రం కొలత, లోపల 3 మి.మీ. తర్వాతి సైజుకు ఇంకో బుష్. కాకపోతే ముందు మ్యానిఫోల్డ్ రంధ్రాన్ని రెండు దిక్కులా కొలిచి చూడండి, పాతవి గుండ్రంగా ఉండక సాగి ఉంటాయి.

బుష్ కుదరకపోతే ఆటోమేటిక్ పంచ్‌తో తేలికగా ఒక చుక్క పెట్టి, రెండు దిక్కుల నుంచి చూసి, పక్కకు ఉంటే పంచ్‌ను వాల్చి మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే గట్టిగా కొట్టండి. మొదట పొట్టి సెంటర్ డ్రిల్, అది వంగదు. తర్వాత 3, 4.5, 5.5, 6.5. 3 మి.మీ. బిట్టుకు నిమిషానికి సుమారు 1000 నుంచి 1200 చుట్లు, 6.5కు 500 చాలు. కటింగ్ ఆయిల్ వేస్తూ, గట్టిగా నొక్కుతూ, బిట్టు తరచూ బయటికి తీస్తూ ఉండండి. బిట్టు కోయకుండా కీచుమంటూ రుద్దుతుంటే వెంటనే ఆపండి, స్టడ్ ముఖం గట్టిపడిపోతుంది. కొత్త కోబాల్ట్ బిట్టు తెచ్చుకోండి. లోతు గుర్తుగా బిట్టుకు టేపు చుట్టండి: లోపల మిగిలిందని మొదట రాసుకున్న పొడవు, దానిపై ఒక మిల్లీమీటరు. అంతకు మించితే కొన్ని ఇంజిన్లలో కింద ఉన్నది వాటర్ జాకెట్టే (చల్లబరిచే నీళ్లు తిరిగే దారి).

ట్యాప్‌కు (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) ఏ సైజు రంధ్రం?

మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్, అంటే థ్రెడ్ ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం, రెండూ మి.మీ.లో. ఎం6×1.0కు 5.0 మి.మీ., ఎం8×1.25కు 6.8, ఎం10×1.25కు 8.8, ఎం10×1.5కు 8.5. ట్యాప్ అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. అల్యూమినియానికి కిరోసిన్ వేయండి, బీడును పొడిగానే కోయొచ్చు.

బ్రిటన్, అమెరికా పాత ఇంజిన్లలో అంగుళాల థ్రెడ్లు ఉంటాయి, కొన్నిటిలో బ్లాకులో దిగే కొస ముతక, నట్టు వైపు సన్నం. 5/16 అంగుళం స్టడ్ (7.94 మి.మీ.) చూడ్డానికి ఎం8లాగే ఉంటుంది, రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత థ్రెడ్ నాశనం. పిచ్ గేజీ పెట్టకుండా ట్యాప్ ముట్టుకోవద్దు.

ఈజీ అవుట్ (లేదా ట్యాప్) లోపలే విరిగింది. ఇప్పుడు?

ట్యాప్ అయితే ముందు చిన్న పంచ్‌తో ముక్కలు చేసి ఏరేయడానికి చూడండి. ఈజీ అవుట్ అయితే కార్బైడ్ బర్ లేదా కార్బైడ్ బిట్టు కావాలి. చేతి డ్రిల్లుతో కార్బైడ్ బిట్టు వాడితే ఊగి అదీ విరుగుతుంది, హెడ్‌ను మిల్లింగ్ మెషిన్ మీద బిగించాలి. అన్నిటికంటే సురక్షితం స్పార్క్ ఎరోజన్. ఎంత గట్టి ఉక్కునైనా విద్యుత్తు రవ్వలతో కరిగించి తీస్తుంది, థ్రెడ్‌ను తాకదు.

పటిక సంగతి కొందరు అడుగుతారు. వేడి పటిక నీళ్లు ఉక్కును మెల్లగా తినేస్తాయి, అల్యూమినియాన్ని దాదాపు వదిలేస్తాయి. గాజు పాత్రలో, నీళ్లలో ఇక కరగనంత పటిక వేసి, మరగడానికి కొద్దిగా తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచాలి. ఇది కార్బొరేటర్ బాడీ, థర్మోస్టాట్ హౌసింగ్ లాంటి వట్టి అల్యూమినియం భాగాలకే. హెడ్‌ను ముంచితే వాల్వ్ సీట్లు, మిగతా స్టడ్లు కూడా అదే దారి పడతాయి.

థ్రెడ్ పోయింది. హెలికాయిల్ (కొత్త థ్రెడ్‌గా పనిచేసే తీగచుట్ట) వేయాలా, టైమ్‌సర్ట్ లాంటి గట్టి బుష్ (లోపలా బయటా థ్రెడ్ ఉన్న గొట్టం) వేయాలా?

రంధ్రం మధ్యలోనే ఉండి థ్రెడ్ మాత్రం జారితే హెలికాయిల్ చాలు. ఎం8×1.25కు 8.3 మి.మీ., ఎం10×1.5కు 10.4 మి.మీ. డ్రిల్లు, ఆపై దాని సొంత ట్యాప్. చుట్ట పై అంచు ఉపరితలానికి పావు నుంచి అర చుట్టు కిందికి ఉండాలి, లోపలి తోక విరగ్గొట్టి ముక్క బయటికి తీయాలి. పొడవు బీడులో స్టడ్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అల్యూమినియంలో రెండు రెట్లు ఉండేలా చూడండి.

హెడ్ స్టడ్లలాగా ఎక్కువ బలం పడేచోట, మళ్లీ మళ్లీ విప్పే చోట గట్టి బుష్ మేలు. రంధ్రం పక్కకు పోయి ఉంటే రెండూ నేరుగా పనికిరావు. మిల్లింగ్ మెషిన్ మీద అసలు మధ్యబిందువు నుంచి పెద్ద రంధ్రం చేసి, ప్లగ్గు బిగించి, దానిలో కొత్తగా థ్రెడ్ కోయించాలి. వంకర రంధ్రానికి సరిపోయేలా మ్యానిఫోల్డ్ రంధ్రాన్ని ఆకురాయితో సాగదీయడం చూస్తుంటాం. అది బాగు చేయడం కాదు, తర్వాతి వాళ్లకు వదిలేయడం.

రజను ఇంజిన్ లోపలికి పోకుండా ఎలా?

పోర్టుల్లో గుడ్డ కుక్కండి, ఎన్ని గుడ్డలో లెక్కపెట్టుకోండి. ట్యాప్ గాళ్లకు గ్రీజు పట్టిస్తే రజను దానికే అంటుకుంటుంది. గాలి కొట్టకండి, వ్యాక్యూమ్‌తో లాగండి.

కొత్త స్టడ్ ఎలా బిగించాలి?

అడుగు మూసుకున్న రంధ్రమైతే లోపల చుక్క ఆయిల్, నీళ్లు కూడా ఉండకూడదు. ద్రవం నలగదు. స్టడ్ దిగుతుంటే దాని ఒత్తిడికి బ్లాకు పగిలిన సందర్భాలున్నాయి. రంధ్రం పొడి చేసి, స్టడ్‌ను చేత్తో దిగేంతవరకు దింపి, చేతి బిగువుతో ఆపండి. రెండు నట్లు పెట్టి అడుగుకు గుద్దించొద్దు.

ఎగ్జాస్ట్‌కు స్టడ్ కొస మీద నికెల్ యాంటీసీజ్ (థ్రెడ్ పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాయండి. లాక్‌టైట్ 243 లాంటి థ్రెడ్ జిగుర్లు సుమారు 180 డిగ్రీల వరకే, ఇక్కడ పనికిరావు. నట్లు రాగివో ఇత్తడివో అయితే ఈసారి విప్పేటప్పుడు స్టడ్ బతుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టడ్‌కు స్టెయిన్‌లెస్ నట్టు వేయొద్దు, రెండూ ఒకదాన్నొకటి కొరికి పట్టేసుకుంటాయి. వాటర్ జాకెట్‌లోకి తెరుచుకునే రంధ్రమైతే కూలెంట్ దింపి, థ్రెడ్ సీలెంట్ రాసి బిగించాలి.

టార్క్ (నట్టును తిప్పి బిగించే బలం) మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్నదే. అది పొడి థ్రెడ్‌కు ఇచ్చిన అంకె అయితే, యాంటీసీజ్ రాసినప్పుడు పావు వంతు వరకు తగ్గించాలి, లేదంటే అదే అంకెకు స్టడ్ మీద లాగుడు చాలా పెరుగుతుంది.

ఒక స్టడ్ లేకుండానే నడపొచ్చా?

హెడ్ స్టడ్ అయితే అస్సలు వద్దు. ఎగ్జాస్ట్ అయితే షెడ్డు దాకా తీసుకెళ్లండి. గాస్కెట్ కాలి, పక్క స్టడ్ మీద భారం పడి అదీ విరుగుతుంది, లీకయ్యే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కారు లోపలికి వస్తుంది.

ఒకటి విరిగితే అన్నీ మార్చాలా?

ఎగ్జాస్ట్‌వైతే మిగతావి కూడా అంతే వేడి, అంతే వయసు. తేలికగా వచ్చేవన్నీ మార్చండి. గట్టిగా ఉండి, థ్రెడ్ బాగుండి, నిటారుగా ఉన్నదాన్ని కొత్తదనం కోసం పీకి ఇంకో ముక్క లోపల మిగుల్చుకోకండి. మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు పెట్టి చూడండి. చివరలు వంగి ఉంటే ముందు దాన్ని చదును చేయించాలి, లేకపోతే కొత్త స్టడ్ కూడా అక్కడే విరుగుతుంది. బిగించాక ఇంజిన్‌ను ఒకసారి పూర్తిగా వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారాక నడుమ నుంచి చివరలకు మళ్లీ ఒకసారి టార్క్ సరిచూడండి.